మూడో గాస్కెట్

మా వీధి చివర షెడ్డులో జీపులు బాగుచేసే మెకానిక్‌ను అందరూ ‘కంటికొలత’ అంటారు. అసలు పేరుతో పిలిస్తే ఆయనే పలకడు! మేకు కొట్టాలన్నా, బల్ల కాలు కోయాలన్నా ఒక కన్ను మూసి చూసి "ఇంతే" అంటాడు. నిజం చెప్పొద్దూ, నూటికి తొంభైసార్లు అంతే అవుతుంది. మిగతా పదిసార్ల సంగతి మా ఇంటి బల్లనడగండి. కంచం ఈ చివర పెడితే ఆ చివరికి నడిచి వెళ్తుంది.

ఈయనకో అక్క. బస్సు ఎక్కలేని రాళ్లదారిలో, కొండమీది క్వారీకి తన పాత జీపులో పనివాళ్లను చేరవేస్తుంది. ఈమధ్య ఆ జీపు సగం దారిలో ఆవిరి కక్కడం మొదలెట్టింది. ఇంజనుకూ, దాని నెత్తినుండే హెడ్డుకూ మధ్య గాస్కెట్ అని పల్చటి రేకులాంటిది ఉంటుంది లెండి, అది కారుతోంది. తమ్ముడు కొత్తది వేశాడు. వారానికే కారింది. ఇంకోటి వేశాడు. మళ్లీ అదే పాట. క్వారీ మేస్త్రీ తెగేసి చెప్పాడు, సోమవారం బండి పైకి రాకపోతే వేరే బండి మాట్లాడుకుంటానని. అక్కకున్న బేరమల్లా అదొక్కటే.

ఆదివారం పొద్దున్నే హెడ్డు విప్పి బల్లమీద పెట్టారు. తమ్ముడు అలవాటుగా ఒక కన్ను మూశాడు.

"చదునుగానే ఉందక్కా. గాస్కెట్లే నాసిరకం."

"రెండూనా?"

"సరుకంతా అలాగే ఏడుస్తోంది మరి!"

అక్క గోడకున్న, చదును చూసే ఉక్కు బద్ద దించింది. తమ్ముడికి పని నేర్పిన గురువు ఇచ్చిన బద్ద అది. రోజూ తుడిచి తగిలించడమే తప్ప వాడిన పాపాన పోలేదు. దాని అంచు హెడ్డు పొడవునా ఆనేలా నిలబెట్టి, పర్సులోంచి బస్సు టికెట్టు తీసి కిందకు తోసింది. చివర్లలో ఆగింది. మధ్యలో సర్రున దూరిపోయింది.

"ఒరేయ్, హెడ్డు వంగిందిరా!"

ఆయన మూడుసార్లు తోసి చూసుకున్నాడు. చెవులు ఎర్రబడ్డాయి.

"తప్పు నాదేనక్కా."

ఆ మాట ఆయన నోట ఎవరూ విని ఎరగరు.

హెడ్డు చదును చేసే మిషను షాపుకు ఆదివారం సెలవు. చేత్తోనే అరగదీయాలి, దానికి పూర్తి చదునైన మందపాటి గాజు కావాలి. ఇంట్లోకెళ్లి బీరువా అద్దం ఊడదీయబోతే భార్య అడ్డం నిలబడింది.

"నేను మొహం ఎక్కడ చూసుకోను?"

"నా కళ్లల్లో చూసుకోవే!"

"ఆ కళ్లను నమ్మే కదా రెండు గాస్కెట్లు తగలేశారు!"

అక్క నవ్వు ఆపుకోలేక గుమ్మంలోనే కూలబడింది. చివరికి భార్యే స్క్రూలు విప్పి ఇచ్చింది. అద్దంమీద ఇనుము అరగదీసే గరుకు ఎమరీ కాగితం అంటించి, ముగ్గురూ వంతులవారీగా సాయంత్రందాకా హెడ్డును రుద్దారు. టికెట్టు ఎక్కడా దూరనప్పుడు గాని ఆపలేదు. శుభ్రంగా కడిగి, మూడో గాస్కెట్ పరిచి, మధ్య బోల్టులు మొదలుపెట్టి అంచులవైపు, కొంచెం కొంచెంగా మూడు విడతల్లో బిగించాడు తమ్ముడు.

సోమవారం పనివాళ్లతోపాటు ఆయనా ముందు సీట్లో ఎక్కాడు, కళ్లు వేడి చూపించే ముల్లుమీదే. రోజూ ఆవిరి కక్కే మలుపు వచ్చింది. ముల్లు కదల్లేదు. అక్క బండి ఆపింది. అక్కడ ఇంకో పనివాడు ఎదురుచూస్తున్నాడు.

"దిగరా. సీటు కావాలి."

"అక్కా! నాలుగు కిలోమీటర్లు నడవాలే!"

"బండి బాగుచేశావుగా, ఇంక నీతో పనేంటి?"

జీపు గేరు మార్చి పైకెక్కిపోయింది. కంటికొలత మాత్రం ఈలవేసుకుంటూ కొండ దిగాడు.