హ్యాండిల్ వదల్లేదు

2012లో కామారెడ్డిలో మా ఇంట్లోనే ప్లైవుడ్‌తో సీ కయాక్ తయారు చేశాను. ఒక్కరు కూర్చుని తెడ్డేసుకుంటూ సముద్రంలో తిరిగే పడవ అది. దగ్గర్లో సముద్రం లేకపోవడం పెద్ద లోపంగా తోచలేదు. పడవ పైన బిగించే హ్యాండిళ్ల కోసం హార్డ్‌వేర్ షాపుకు వెళ్లాను.

"ఏ తలుపుకు సార్?" అన్నాడు షాపాయన.

"పడవకు."

"పడవకా! నట్టు బోల్టులియ్యాల్నా, స్క్రూలు సాల్తయా?"

నట్లు కనిపిస్తే అందం చెడుతుందని స్క్రూలే తీసుకున్నాను.

ఆదివారం బామ్మర్దితో కలిసి పడవను పోచారం ప్రాజెక్టుకు తీసుకెళ్లాను. నేనొక్కణ్ణే ఎక్కి గట్టు నుంచి కాస్త దూరం పోగానే పడవ తిరగబడింది. నాకు ఈత రాదు. మునుగుతూ హ్యాండిల్‌ను రెండు చేతులా పట్టుకున్నాను. అది పడవను వదిలి నాతో వచ్చేసింది. నేను మాత్రం దాన్ని వదల్లేదు.

గట్టు మీద బామ్మర్ది మొత్తుకున్నాడు: "బావా, హ్యాండిల్ ఇడిసిపెట్టు! పడవను పట్టుకో!"

సలహా సబబుగానే అనిపించింది. పడవను కావలించుకుని కాళ్లు కొట్టుకుంటూ ఒడ్డుకు చేరాను.

ఆ హ్యాండిల్ ఇప్పుడు మా బాత్రూం తలుపుకుంది, నట్టు బోల్టుతో. అయినా దాన్ని లాగేటప్పుడు రెండో చేత్తో తలుపును కూడా పట్టుకుంటాను.