జెర్రిరాణి గొంతు

యూనీస్ టీచర్ గొంతు గురించి అబిడ్స్‌లో ఆ చుట్టుపక్కల తెలియనివాళ్లు తక్కువ. ఆమె పనిచేసే మిషన్ బడి మూడంతస్తుల పాత భవనం. పై అంతస్తులో ఆమె ఏడో తరగతికి తెలుగు చెబుతుంటే, కింద గేటు పక్కన చెప్పులు కుట్టే ఆయనకు సంధులన్నీ నోటికి వచ్చేశాయని తోటి టీచర్లు నవ్వుకునేవారు. ఆమె భర్త జీవరత్నం నాంపల్లి స్టేషన్‌లో పార్శిల్ గుమాస్తా. పగలంతా రైళ్ల కూతలు, సాయంత్రం భార్య గొంతు. ఆయన మాత్రం అడిగితే తప్ప మాట్లాడని మెత్తని మనిషి.

ఒక శనివారం యూనీస్ నాంపల్లి మెట్రో స్టేషన్‌లో లిఫ్టు కోసం వరసలో నిలబడి ఉంది. ఆమె ముందు చేతికర్రతో ఒక ముసలావిడ. ఇంతలో సఫారీ సూటు వేసుకున్న పెద్దమనిషి ఒకాయన అందరినీ తోసుకుంటూ ముందుకు వచ్చాడు.

“నిలబడు. ఎవరు ఉరకమన్నరు నిన్ను?” అంది యూనీస్.

సఫారీ సూటు ఆగిపోయింది. లిఫ్టులోంచి దిగబోతున్నవాళ్లు ఆగిపోయారు. టికెట్ గేట్ల దగ్గర మనుషులు ఆగిపోయారు. సామాను తనిఖీ చేసే గార్డు చేతిలో కర్ర పట్టుకుని అటెన్షన్‌లో నిలబడ్డాడు. అలా నిలబడిపోయినవాళ్లలో హర్ష అనే కుర్రాడు కూడా ఉన్నాడు.

హర్ష లక్డీకాపూల్‌లో పిల్లల వీడియో గేములు తయారుచేసే చిన్న కంపెనీలో పనిచేస్తాడు. టీవీలో వచ్చే ‘గండుచీమ గన్నయ్య’ కార్టూన్‌ను వాళ్లు ఫోన్‌లో ఆడుకునే గేముగా మారుస్తున్నారు. అందులో గన్నయ్య అనే చీమ ఉరుకుతూ, ఎగురుతూ, చక్కెర దొంగలను తన్నుకుంటూ పోతాడు. చివరికి ఒక గుహలో జెర్రిరాణితో యుద్ధం. కార్టూన్‌లో రాణికి గొంతు ఇచ్చినావిడ ఈసారి రానంది. బదులుగా వచ్చినవాళ్లందరూ రాక్షసి నవ్వు ఒకటే నవ్వుతున్నారు. అది విని పిల్లలు కూడా నవ్వుతున్నారు.

ప్లాట్‌ఫారం మీద అతను యూనీస్ వెనకాలే నడిచాడు. ఆమె ఆగితే ఆగాడు. గొలుసు దొంగ అనుకుని యూనీస్ మెడలోని గొలుసు గుప్పిట్లో పట్టుకుని గిరుక్కున వెనక్కి తిరిగింది. హర్ష రెండు చేతులూ పైకెత్తి, తడబడుతూ సంగతంతా చెప్పాడు.

“జెర్రి అంటే గోడల మీద పాకే జెర్రేనా?” అని అడిగింది.

“ఔ మేడం. కానీ రాణి.”

రాణి అన్న మాట ఆమెకు నచ్చింది. పైకి మాత్రం ఆలోచించి చెబుతానంది.

రికార్డింగు గదిలో మొదటి రోజే పేచీ వచ్చింది. నీ రక్తం తాగుతాను అని రాసి ఉంటే, చర్చిలో పిల్లలకు సండే స్కూలు చెప్పే తాను అలాంటి మాటలు అననంది. అసలు చీమకు తాగేంత రక్తం ఎక్కడుంటుందని కూడా అడిగింది. పోనీ వికటంగా నవ్వమంటే ఆమెకు దగ్గు వచ్చింది. హర్ష విసిగిపోయి ఆ కాగితం పక్కన పెట్టి, చెప్పకుండా ఒక పిల్లవాడు మీ క్లాసులోకి ఉరికొస్తే ఏమంటారో అది అనమన్నాడు. దానికి ఆమెకు కాగితంతో పని లేకపోయింది.

“ఎవర్ని అడిగి లోపలికొచ్చినవ్? కాళ్లు కడుక్కున్నవా? ఆ ఎగురుడేంది, సక్కగ నడువరాదా? నిలబడు. నిన్నే.”

అద్దం అవతల హర్ష, పక్కన సౌండు చూసే అతను నిటారుగా కూర్చున్నారు.

వేసవి సెలవుల్లో గేము వచ్చింది. పిల్లలు ఇష్టంగా ఆడారు, గుహ వరకు. అక్కడ ‘నిలబడు, నిన్నే’ అన్న మాట వినగానే వాళ్ల బొటనవేళ్లు ఫోన్ మీద ఆగిపోయేవి. కొందరు చేతులు కట్టుకునేవారు. ఈలోగా జెర్రిరాణి తీరిగ్గా వచ్చి గన్నయ్యను కరిచేది. ఒక్కరూ గుహ దాటలేదు. తల్లిదండ్రులు సంతోషించారు, కంపెనీ వాళ్లు తలలు పట్టుకున్నారు. బడి తెరిచిన రోజు ఏడో తరగతిలో కీర్తి అనే అమ్మాయి లేచి, టీచర్, మీరు జెర్రా అని అడిగింది. జెర్రి కాదు, జెర్రిరాణి అని సరిదిద్ది యూనీస్ పాఠం మొదలుపెట్టింది.

హర్ష వాళ్లింటికి వచ్చాడు. గొంతు కొంచెం తగ్గించాలని, మూడు దెబ్బలు తిన్నాక రాణి కెవ్వుమని అరుస్తూ పడిపోవాలని బతిమాలాడు.

“నేనెందుకు పడాలె? అడగకుండ నా గుహలకు వచ్చినోడు వాడు. తప్పు ఎవరిది?” అంది యూనీస్.

గేము కథ రాసింది హర్షే. అయినా తప్పు గన్నయ్యదేనని ఒప్పుకోవాల్సి వచ్చింది. చివరికి ఆమె ఫోన్‌లో గేము ఎక్కించి, ఒక్కసారి మీరే ఆడి చూడండని చెప్పి వెళ్లిపోయాడు.

ఆదివారం చర్చి నుంచి వచ్చి, భోజనం చేసి, ఆమె గేము ముందు కూర్చుంది. మొదట గన్నయ్య బెల్లం పాకంలో పడ్డాడు. లేచి మళ్లీ అందులోనే పడ్డాడు. ఎగరడం అలవాటయ్యేసరికి ఆమెకు పంతం వచ్చింది. చక్కెర దొంగలను తంతుంటే సంబరం కూడా వేసింది. సాయంత్రం టీ వేళకు గుహ చేరింది.

“నిలబడు. నిన్నే.”

బొటనవేలు ఆగిపోయింది. జెర్రి వచ్చి కరిచింది. తన గొంతే కదా అనుకుని మళ్లీ వెళ్లింది. మళ్లీ ఆగిపోయింది. అడగకుండా వచ్చాను, తప్పయిపోయింది అని ఆ జెర్రికి చెప్పుకోవాలనిపించింది. ఫోన్ బల్ల మీద బోర్లా పెట్టి, పేపరు చదువుతున్న భర్త దగ్గరికి వచ్చింది.

“ఏమండి, నిజం చెప్పున్రి. నేను రోజు గిట్లనే మాట్లాడుతున్ననా?”

జీవరత్నం పేపరు మడిచాడు. అబద్ధం ఆడే అలవాటు లేని మనిషి కనుక బాగా ఆలోచించాడు.

“లేదు,” అన్నాడు. “ఫోన్ల జర మెల్లగ వస్తున్నది.”

ఆ పూట ఆమె ఇంక మాట్లాడలేదు. ఇంట్లో ఆ నిశ్శబ్దం తట్టుకోలేక జీవరత్నం టీవీ పెట్టుకున్నాడు. మర్నాడు క్లాసులో ఆమె మెత్తగా పాఠం చెప్పబోయింది. వెనక బెంచీలకు వినపడలేదు. ముందు బెంచీలవాళ్లు టీచరుకు జ్వరం వచ్చిందనుకుని వేడినీళ్లు తెచ్చిచ్చారు. రెండో పీరియడ్‌లో ఎవరో బెంచీ ఎక్కడంతో గొంతు దానంతటదే తిరిగి వచ్చింది. పిల్లలు ఊపిరి పీల్చుకున్నారు.

ఆ వారమే ఆమె తనంతట తాను లక్డీకాపూల్ వెళ్లింది. తిట్లు అలాగే ఉంచమంది, అరిచి పడిపోవడం కుదరదంది, కాని ఓడిపోవడానికి ఒప్పుకుంది. ఓడినప్పటి మాట తానే చెబుతానని మైకు ముందు నిలబడింది.

“గెలిచినవ్ లే. మంచిగనే ఎగిరినవ్. చెమటలు పట్టినయ్ సూడు. జరసేపు కూసో, నీళ్లు తాగి పో.”

అద్దం అవతల హర్ష తనకు తెలియకుండానే సీసా తీసుకుని గటగటా నీళ్లు తాగాడు.

ఆ మాట చేర్చాక గేము మళ్లీ విడుదల చేశారు. ఎలా దాటిందో ఏమో, ఎవరో ఒక పిల్ల గుహ దాటిందట. ఓడిస్తే రాణి కోప్పడదు, కూర్చోబెట్టి నీళ్లిస్తుంది అన్న కబురు బడి బస్సుల్లో పాకింది. ఇప్పుడు కూడా ‘నిలబడు’ అనగానే వేళ్లు ఆగుతాయి. అయితే ఒక్క క్షణమే. తరవాత అందరూ ధైర్యం తెచ్చుకుని ఎగురుతారు. యూనీస్ కూడా దసరా సెలవుల్లో గుహ దాటింది. నీళ్లు తాగి పొమ్మని తన గొంతు తనతో అంటుంటే కళ్లు తుడుచుకుందని జీవరత్నం అంటాడు. ఫ్యాను గాలికి కళ్లలో దుమ్ము పడిందని ఆమె అంటుంది.

రెండో భాగం మొదలుపెట్టినప్పుడు హర్ష ఆమెకు గన్నయ్య తల్లి పాత్ర ఇవ్వజూపాడు. ఈసారి అన్నీ ప్రేమగల మాటలేనని నచ్చజెప్పాడు. యూనీస్ ఒప్పుకోలేదు.

“తల్లి ఏం చేస్తది, నాలుగు మాటలు చెప్పి వంటింట్ల ఉంటది. నన్ను రాణిగనే ఉండనియ్. గుహంత నాది.”