ఇప్పపువ్వు నీళ్లాట

బూర్గంపాడులో పసిపిల్లల్ని చూసుకునే ఇల్లు ఒకటి పెట్టి, నాలుగు నెలల్లో మంచి పేరు తెచ్చుకుని, ఆ పేరును ఒక్క పూటలో మంటగలపడం ఎలాగో ఎవరికైనా తెలుసుకోవాలని ఉంటే నా దగ్గరికి రావచ్చు. ఈ విద్యలో నన్ను మించినవాళ్లు గోదావరికి ఇటు పక్క గానీ అటు పక్క గానీ లేరు. జరిగి చాలా ఏళ్లయింది. ఇప్పటికీ ఆ పొద్దు గుర్తొస్తే ముసుగుతన్ని పడుకోవాలనిపిస్తుంది.

నేను కల్లూరు పిల్లను. మా వైపు వరి, మిరప, చెరకు తప్ప ఇంకోటి తెలియదు. పెళ్లయి ఇక్కడికి వచ్చేదాకా అడవి అంటే బస్సు కిటికీలోంచి కనిపించే పచ్చరంగు అనుకునేదాన్ని. మా ఆయన డేవిడ్ కరెంటు లైన్‌మన్. పొద్దున పోతే మళ్లీ ఎప్పుడొస్తాడో ఆ స్తంభాలకే తెలియాలి. ఇక మా అత్తయ్య సువార్తమ్మ చర్చిలో స్త్రీల సమాజానికి పెద్ద. సారా మీద ఆమెకున్నంత కోపం సైతాను మీద కూడా ఉండేది కాదు. ఆ ఏడు ఆడవాళ్లనందరినీ వెంటేసుకుని, సారా వద్దంటూ వీధి వీధీ తిరిగి, దొరికిన సీసా దొరికినట్టు పగలగొట్టి వచ్చింది.

పిల్లల ఇల్లు నా ఆలోచనే. పగలంతా గాజుల దుకాణంలో కూర్చునే రజియా అక్క కొడుకు ఇమ్రాన్, దవాఖానాలో డ్యూటీ చేసే నర్సమ్మ కూతురు పింకీ, ఇంకా ఏడెనిమిది మంది వచ్చేవాళ్లు. పిల్లల్ని ఊరికే కూర్చోబెడితే బుర్ర ఎదగదని, తాకడానికి, పోయడానికి, ఎక్కడానికి, దూరడానికి వేర్వేరు చోట్లు ఉండాలని ఏదో వారపత్రికలో చదివాను. చదివిన దగ్గర్నుంచి నాకు నిద్ర పట్టలేదు. వసారాలో ఒక మూల గోదావరి ఇసుక పోయించాను. ఇంకో మూల వడ్రంగి దగ్గర మిగిలిన చెక్కముక్కలు నున్నగా గీయించి పేర్చాను. పాత చీరలు కట్టి గుడారం వేశాను. వెనక వసారాలో సిమెంటు తొట్టి ఒకటి ఖాళీగా ఉంటే దాన్ని నీళ్లాటకు పెట్టాను.

నీళ్లలో ఏదైనా తేలుతూ ఉంటే బాగుంటుంది కదా అనిపించింది. సంతకు పోతే ఎండిన ఇప్పపువ్వు కుప్పలు పోసి ఉంది, పెద్ద పెద్ద కిస్‌మిస్ పళ్లలాగా. గంపెడు కొన్నాను. అమ్మే ఆమె నన్ను ఎగాదిగా చూసి, ఇంత ఏం చేసుకుంటవని అడిగింది. పిల్లల కోసం అన్నాను. ఆమె ఇంకేం మాట్లాడలేదు. ఆ మౌనానికి అర్థం అప్పుడు తెలిసి ఉంటే నా బతుకు వేరేలా ఉండేది.

తొట్టిలో పోయగానే పువ్వులు ఉబ్బి, తేలి, గుండ్రంగా తిరగడం మొదలుపెట్టాయి. పిల్లలు టీ జాలీలతో, కొబ్బరి చిప్పలతో వాటిని పట్టడం, వదలడం. ఆ రోజు ఎవరూ ఏడవలేదు. ఇమ్రాన్ ఎవర్నీ కొరకలేదు. నేను ఆ పత్రికకు జాబు రాయాలనుకునేంత పొంగిపోయాను.

అంతలో గుడ్ ఫ్రైడే సెలవులొచ్చాయి. మేము ఈస్టరుకు కల్లూరు పోయాం. అత్తయ్య పెరట్లో కోళ్లకు మేత వేసే పని పక్కింటివాళ్లకు అప్పజెప్పి, సమాజం ఆడవాళ్లతో ఉజ్జీవ కూటాలనే ప్రార్థన సభలకని ఖమ్మం పోయింది. తొట్టి ఖాళీ చేయడం నేను మరిచిపోయాను. మరిచిపోవడమే కాదు, దుమ్ము పడకుండా దాని మీద పలక కూడా కప్పాను. నా శ్రద్ధ అలాంటిది. బయట ఏప్రిల్ ఎండ.

వారం తర్వాత తిరిగొచ్చి, పిల్లలు వచ్చే ముందు పలక తీశానా, తొట్టి నిండా తెల్లటి నురగ. పులిసిన ఇడ్లీపిండి వాసన. చూసి నేను భయపడ్డానని మీరు అనుకుంటున్నారేమో. సంబరపడ్డాను. సబ్బు లేకుండా, కళ్లు మండకుండా, పిల్లలకు ఉత్త పుణ్యానికి నురగాట దొరికింది కదా అనుకున్నాను. అంచులు దాటి పొంగిన పువ్వును నాలుగు దోసిళ్లు తీసి పెరట్లో పారబోశాను. ముందు పాటలు, తర్వాతే నురగ అని పిల్లల్ని ముందు వసారాలో గుండ్రంగా కూర్చోబెట్టాను.

పాట సగంలో ఉండగా అత్తయ్య పెట్ట ఒకటి మా మధ్యకు వచ్చింది. నేరుగా రాలేదు, పక్కకు నడుచుకుంటూ వచ్చింది. పిల్లలు చప్పట్లు కొట్టారు. దాని వెనకే పుంజు వచ్చి, అందర్నీ ఒకసారి తేరిపార చూసి, ఇసుక మూలలోకి పోయి మొహం ఇసుకలో పెట్టి పడిపోయింది.

కోళ్లకు ఏదో కొత్త రోగం వస్తోందని, మనుషులకూ అంటుతుందని టీవీలో అదేపనిగా చెప్తున్న రోజులవి. పిల్లల్ని లోపలి గదిలోకి తోసి, చేతులు కడిగి, మళ్లీ కడిగి, పక్కింటివాళ్లతో తల్లులందరికీ కబురు పంపాను. పశువుల దవాఖానాకూ పంపాను. కబురు నేను చెప్పినట్టే పోయి ఉంటే కొంత నయం. బజారు చేరేసరికి అది కోళ్లతోపాటు పిల్లలు కూడా పడిపోతున్నారన్నంత అయింది. రజియా అక్క దుకాణం తెరిచింది తెరిచినట్టే వదిలేసి, చెప్పులు లేకుండా పరుగెత్తుకొచ్చింది. వీధి వీధంతా మా గేటు దగ్గరే ఉంది.

పశువుల దవాఖానా కాంపౌండరు ముక్కుకు గుడ్డ కట్టుకుని వచ్చాడు. పుంజును ఎత్తాడు. అది సగం కూత కూసి, మిగతా సగం మరిచిపోయి, ఆయన భుజం మీద తల వాల్చింది. ఆయన గుడ్డ కిందికి దించి దాని ముక్కు దగ్గర వాసన చూశాడు. తర్వాత గాలిలో వాసన చూశాడు. అలా చూసుకుంటూ ఎవరూ దారి చూపించకుండానే నేరుగా తొట్టి దగ్గరికి పోయాడు.

"ఏందమ్మా ఇది?"

"పిల్లల నీళ్లాట తొట్టి సార్."

"నానబెట్టి ఎన్నిరోజులైంది?"

"పండుగ ముందు సంది."

ఆయన నురగను, నన్ను, నా వెనక గోడ మీద నేను వేసిన చిలకల బొమ్మల్ని చూశాడు. "రోగం లేదు, గీగం లేదు. కోళ్లు తాగినయ్. ఇది ఇప్పపువ్వు ఊట. పొయ్యి మీదికెక్కించుడే తక్కువ, సారా అయితది. పొద్దుగూకేవరకు వాటికి దిగుతదిలే" అన్నాడు.

గేటు దగ్గరున్న తల్లులంతా లోపలికి తోసుకొచ్చారు. తర్వాత రజియా అక్క ఇమ్రాన్‌ను చంకనేసుకుని నోరు తెరిపించి వాసన చూసింది. అది చూసి మిగతా తల్లులంతా తమ పిల్లల నోళ్లు వాసన చూశారు. నర్సమ్మ పింకీ కంటి రెప్పలు కూడా లాగి చూసింది. పిల్లలు ఈ రోజు నీళ్లాటే ముట్టలేదని నేను మొత్తుకుంటూనే ఉన్నాను. వినేవాళ్లెవరు? పిల్లలకు మాత్రం ఇది నేను కొత్తగా పెట్టిన ఆటలా తోచింది. వరసలో నిలబడి నోళ్లు బార్లా తెరిచారు.

సరిగ్గా అప్పుడే ఖమ్మం బస్సు దిగి, బైబిలు సంచితో, సమాజం ఆడవాళ్లతో మా అత్తయ్య వచ్చింది. జనాన్ని చూసి గేటు దగ్గరే ఆగి, ఎవరు పోయిండ్రని అడిగింది. ఎవరూ పోలేదని, కోళ్లు తాగి పడ్డాయని, కోడలు ఊట పెట్టిందని ఎవరో పుణ్యాత్ములు వివరంగా చెప్పారు. ఆమె తొట్టి దాకా నడిచొచ్చి, వంగి నురగ వాసన చూసింది. తిడుతుందని చూశాను. తిట్టినా బాగుండేది.

"గ్రేసమ్మా, ఊరోళ్ల సీసాలన్నీ పగలగొట్టి వస్తిని. మన ఇంట్లనే తొట్టి ఉందని నాకెందుకు చెప్పకపోతివి బిడ్డా" అంది.

మర్నాడు ఒక్క పిల్ల రాలేదు. ఆ మర్నాడూ అంతే. గుడారంలో పిల్లి పడుకుంది. నేను ఇసుక మూలలో కూర్చుని, నా చేత్తో నేనే పాడుచేసుకున్నానని పిడికిళ్లతో ఇసుక పోసుకుంటూ ఏడ్చేదాన్ని. డేవిడ్ స్తంభం ఎక్కితే కిందినుంచి జనం, కొత్త సరుకు ఎప్పుడొస్తుందన్నా అని అడుగుతున్నారట. ఆయన ఇంటికొచ్చి అన్నం తిని, గోడవైపు తిరిగి పడుకునేవాడు.

ఇట్లా ఉండగా ఒక పొద్దున గేటు చప్పుడైంది. తలకు తువ్వాలు చుట్టుకున్న పెద్దమనిషి ఒకాయన బెరుగ్గా నిలబడి, "ఇక్కడేనా అమ్మా?" అన్నాడు. నాకు ప్రాణం లేచొచ్చింది. ఇక్కడేనన్నాను, రమ్మన్నాను, ఇసుక మూల, చెక్కల మూల, గుడారం అన్నీ తిప్పి చూపించాను. ఆయన ప్రతిదానికీ మర్యాదగా తలూపాడు. పొద్దున నుంచి సాయంత్రం దాకా ఉండొచ్చని చెప్తే ఇంకా సంతోషించాడు.

"బాబా, పాపా?" అని అడిగాను.

ఆయన అటూ ఇటూ చూసి, పంచె మడతలోంచి ఖాళీ సీసా తీశాడు. "నాకే అమ్మా. సగం పోస్తే చాలు."

ఆయన్ను అత్తయ్య వీధి చివరిదాకా సాగనంపింది, చీపురుతో. ఆ రోజు నుంచి కుర్చీ వేసుకుని గేటు దగ్గరే కూర్చుంది. ఆమె కాపలా చూశాక తల్లులకు ధైర్యం వచ్చి, ముందు రజియా అక్క, తర్వాత నర్సమ్మ, ఒక్కొక్కరే పిల్లల్ని తెచ్చారు.

కాబట్టి ఇందుమూలంగా అందరి ఎదుటా ప్రమాణం చేస్తున్నాను. నా బొందిలో ప్రాణం ఉన్నంతవరకు నా ఇంట్లో పువ్వు గానీ, కాయ గానీ, పండు గానీ నీళ్లలో పడి ఒక రాత్రి గడపదు. ఇప్పటికీ చారుకు చింతపండు నానేస్తే, పిసికేదాకా గిన్నె పక్కన నిలబడే ఉంటాను.