చూసినవాడు వచ్చేదాకా

మా చిన్నాయన పోయాడన్న కబురు మొదట తెచ్చింది కమలాపురం మనిషి. బర్మా నుంచి కాలినడకన వచ్చినవాడు. మా అరుగు మీద కూర్చుని, మంచినీళ్ళు తాగి, చెప్పలేక చెప్పాడు. చిన్నమ్మ ఏడవలేదు. "నువ్వు చూసినావా అప్పా?" అని అడిగింది. లేదమ్మా, దారిలో ఎవరో చెబితే విన్నానన్నాడు. "అట్లయితే గంట కొట్టొద్దని చర్చి అయ్యగారికి చెప్పండి" అని ఆమె పొయ్యి దగ్గరికి వెళ్ళిపోయింది.

కోయిలకుంట్ల పక్కన మా పల్లెలో, సంఘంలో ఎవరు పోయినా చర్చి గంట ఆగి ఆగి కొడతారు. అది మోగనంత కాలం ఆమె భర్త బతికి ఉన్నట్టే. ఆ పట్టుదల ఆమెకు నేర్పింది మా చిన్నాయనే.

చిన్నప్పుడు నేను గడ్డివామి వెనక నాగుపాము ఉందని అరుచుకుంటూ వస్తే, ఆయన కర్ర తీయకుండా అడిగాడు: "పామును చూసినావా, గడ్డి కదిలేది చూసినావా?" గడ్డేనన్నాను. అయితే గడ్డి కదిలిందనే చెప్పమన్నాడు. కంటికీ చెవికీ నడుమ బెత్తెడే దూరం, అబద్ధాలన్నీ ఆ బెత్తెడులోనే కాపురం ఉంటాయని ఆయన మాట. ఆయన ఉన్నాడంటే మా ఇంట్లో చాడీలు చెప్పడానికి కూడా జంకేవాళ్ళు.

రంగూన్‌లో బియ్యం మిల్లు గుమాస్తాగా ఉంటూ, కడపలోని ఓ చిన్న వారపత్రికకు అక్కడి సంగతులు రాసేవాడు. చదివినవాళ్ళకు గుర్తుండే ఉంటుంది. దానికి జీతం లేదు, విలేకరి అని సర్కారు ఇచ్చిన చీటీ లేదు. యుద్ధంలో బాంబులు పడి ఊరు ఖాళీ అవుతుంటే ఆయన ఉండిపోయాడు. ఓడల్లో ఎవరిని ఎక్కించుకున్నారో, ఎవరిని రేవులో వదిలేశారో, చూసింది చూసినట్టు రాశాడు. జనాన్ని బెదరగొట్టే రాతలు మాన్పించమని పోలీసులు మా ఇంటికి వచ్చారు. వచ్చేయమని చిన్నమ్మ కబురు పెట్టింది. అందరూ వస్తే ఇక్కడ చూసేదెవరని జవాబు వచ్చింది. ఆ మాట మీద నాకు ఇప్పటికీ కోపమే.

జొన్నకోతల నాటికి రెండో మనిషి వచ్చాడు. చివరికి చిన్నాయన కూడా బయలుదేరితే, ఆయనతో కలిసి నడిచినవాడు. తాను చూశానన్నాడు. చిన్నమ్మ అచ్చం చిన్నాయన లాగే ఒక్కొక్కటే అడిగింది. అడవి దారిలో సిపాయిలు ఆపారట. సంచిలో రాసిన కాగితాలు చూసి గూఢచారివా అన్నారట. పత్రికకు రాసుకుంటానంటే, ఎవరు పంపారని అడిగారట. ఎవరూ పంపలేదని చిన్నాయన ఉన్నమాట చెప్పాడు. అక్కడే కాల్చేశారు.

"ఎవరి సిపాయిలు?" అంది చిన్నమ్మ.

"పొద్దు మునుగుతాండె, సరిగా కనపళ్ళేదమ్మా. ఆయప్ప పడేది మాత్రం చూసినా."

"కండ్లద్దాలు పెట్టుకోనుండెనా?"

"ఆ. ఒక పక్క పుల్ల ఇరిగితే దారం కట్టుకోనుండె."

పోయినసారి ఆయన ఇంటికి వచ్చినప్పుడు ఆ దారం కట్టింది ఆమే. కొంగు కప్పుకొని చర్చికి నడిచింది. గంట కొట్టే ముసలాయన తాడు అందుకోబోతే వద్దని తానే పట్టుకుంది. మా చిన్నాయన లేడని అప్పుడు నమ్మాను, నమ్మి ఏడ్చాను. వీధిలో జనం పనులాపి నిలబడ్డారు. ఆమె బక్కమనిషి, గంట బరువైనది. లాగిన ప్రతిసారీ తాడు వెనక్కి పోతూ ఆమె మడమల్ని నేల మీది నుంచి కొంచెం లేపేది.