పేరు పెట్టని పాప

పాప పుట్టాక నేను ఎక్కువ భయపడింది జ్వరానికీ కామెర్లకీ కాదు. పేరుకి.

రెండేళ్ల కిందట మా మొదటి బాబు నెలలు నిండకుండానే పుట్టాడు. సంబరం ఆపుకోలేక ఆసుపత్రిలో ఉండగానే ఆన్‌లైన్‌లో పేరుతో సహా రిజిస్టర్ చేసేశాం. బర్త్ సర్టిఫికెట్ ఈ పరాయి దేశంలో మేముండే ఊరు మిల్టన్‌లో మా ఇంటికి పోస్టులో వచ్చేసరికి వాడు లేడు. ఫార్మసీలో పనిచేసేదాన్ని, ఎందుకు పోయాడో నాకు తెలుసు. ఊపిరితిత్తులు ఎదగలేదు. అయినా తొందరపడి పేరు రాసినందుకే పోయాడన్న మాట మనసులో పాతుకుపోయింది.

అందుకే ఈసారి పాపని బుజ్జీ అని కూడా పిలవలేదు. 'ఇది పాలు తాగిందా, ఇది పడుకుందా', అంతే. ఇండియా నుంచి వచ్చిన అత్తగారు ఇరవయ్యొకటో రోజున బారసాల చేద్దామంటే, పాపకి జలుబు చేసిందని వాయిదా వేయించాను. జలుబూ లేదు, గిలుబూ లేదు.

మా ఆయన మాత్రం వదల్లేదు. "నెలలోపు రిజిస్టర్ చేయాలి. ఇక్కడి చట్టం అది. నేనొక్కణ్ణీ చేస్తే చాలదు, వివరాలు నిజమేనని నువ్వూ సర్టిఫై చేయాలి" అన్నారు.

"పేరు ఖాళీగా వదిలేస్తే?"

"కుదరదు."

ఆ సాయంత్రం లాప్‌టాప్ తెచ్చి నా ఒళ్లో పెట్టారు. మూసేశాను.

"పేరు రాస్తే ఇదీ పోతుంది" అన్నాను. ఆ మాట పైకి అనడం అదే మొదటిసారి.

వంటింట్లోంచి అత్తగారు చేతులు తుడుచుకుంటూ వచ్చారు. మడీ ఆచారం ఉన్న మనిషి, నాకే వత్తాసు పలుకుతారనుకున్నాను. పక్కన కూర్చుని మెల్లగా అన్నారు:

"అమ్మాయ్, వీడికంటే ముందు నాకో ఆడపిల్ల పుట్టి పోయింది. బారసాల దాకా ఉండలేదు. ఇప్పటికీ దేవుడి ముందు దాన్ని ఏమని తలుచుకోవాలో నాకు తెలీదు. నువ్వు దీపం పెట్టినప్పుడల్లా పోయిన మీ బాబుని పేరు పెట్టి పిలుచుకుంటావు. వింటూనే ఉన్నాను."

మా ఆయన వచ్చి తల్లి పక్కన కూర్చున్నారు. ఆ సంగతి ఆయనకీ తెలియదు.

నా భయం పోలేదు. ఆ భయంతోనే లాప్‌టాప్ తెరిచి పేరు టైప్ చేశాను. ఇద్దరం సర్టిఫై చేశాం.

తర్వాత పాప పడుకున్న క్రిబ్ దగ్గరికి వెళ్లి మొదటిసారి పేరుతో పిలిచాను. కదల్లేదు. ముక్కు దగ్గర వేలు పెట్టి చూశాను. ఊపిరి వెచ్చగా తగిలింది. మళ్లీ పిలిచాను.