జావాలో ప్రోగ్రాం, కోట్లిన్‌లో టెస్టులు

అరకులో ఒక మేడ మీది గదిలో మా ఆఫీసు ఉండేది. కాఫీ రైతుల సంఘం కోసం ప్రోగ్రాం రాస్తున్నాం. ఊళ్లోని కొనుగోలు కేంద్రానికి రైతు కాఫీ పండు తెస్తే, తూకం కాగానే బరువు అందులో నమోదై, రైతు ఫోనుకు మెసేజి వెళ్లాలి. మొత్తం జావాలో నేనే రాశాను. నాది సాలూరు. జావా తప్ప మరో ప్రోగ్రామింగ్ భాషలో ఉద్యోగం చేసింది లేదు.

ఆ వానాకాలం నాకు తోడుగా ఒకమ్మాయి చేరింది. జి.మాడుగుల అవతల కొండ మీది ఊరు. విశాఖలో చదువుకుని, అక్కడే కొంతకాలం పనిచేసి వచ్చింది. ఆమెకు టెస్టులు అప్పగించాను. అంటే, ప్రోగ్రాం సరిగ్గా నడుస్తోందో లేదో పరీక్షించే చిన్న చిన్న ప్రోగ్రాములు.

"టెస్టులు కోట్లిన్‌లో రాత్తాను సార్," అంది.

"అసలు ప్రోగ్రాం జావాలో ఉంటే టెస్టులకి ఇంకో భాష ఏటమ్మా?"

"రెండూ కలిసి నడుత్తాయి సార్. ఇందులో టెస్టు పేరు తెలుగులోనే, వాక్యంలాగ రాసుకోవచ్చు."

నాకు నచ్చలేదు. రేపు ఈమె వెళ్లిపోతే ఆ కోడు ఎవరు చదువుతారు? విశాఖలో ఉన్న మేనేజరుకు ఫోన్ చేస్తే ఆయనా అదే అన్నాడు. అయినా నేను రాసిన కొద్దిపాటి టెస్టులతో సరిపెట్టడం కంటే నయమని, కాఫీ సీజను దాకా చూద్దామన్నాడు.

ఒక మధ్యాహ్నం ఆమె కుర్చీ నావైపు తిప్పి అడిగింది.

"సార్, రైతు ఫోన్ నంబరుకి ప్రశ్నగుర్తు పెట్టాలా, వద్దా?"

నాకు అర్థం కాలేదు. కోట్లిన్‌లో ఏదైనా వివరం ఖాళీగా ఉండే వీలుంటే, ప్రశ్నగుర్తు పెట్టి ఆ సంగతి ముందే చెప్పాలట. జావా నన్నెప్పుడూ ఆ మాట అడగలేదు.

"వద్దులే. ఈ రోజుల్లో ఫోన్ లేనిదెవరికి?"

"మా మామ్మకి లేదు సార్. మా ఊర్లో సానామందికి లేదు. ఆల పండు కొనరేటి?"

గొంతులో కోపం లేదు. నా జవాబు కోసం ఆగకుండా ప్రశ్నగుర్తు పెట్టి టెస్టు రాసింది. దాని పేరు 'ఫోన్ లేని రైతు పండు బరువు కూడా నమోదవ్వాలి'. నడిపితే ఎర్రగా వచ్చింది. టెస్టు తప్పింది.

నేను కోట్లిన్‌నే అనుమానించాను. అదే టెస్టు జావాలో రాసి చూశాను. అక్కడా ఎరుపే. నంబరు ఖాళీగా ఉంటే నా ప్రోగ్రాం మెసేజి దగ్గర చతికిలబడి, బరువు నమోదు చెయ్యకుండానే ఊరుకుంటోంది. తెర మీద ఏ హెచ్చరికా లేదు. నా పాత టెస్టుల్లో ప్రతి రైతుకూ ఫోన్ ఉంది, అందుకే అవన్నీ పచ్చగా వచ్చేవి.

సాయంత్రానికి ఇద్దరం కూర్చుని సరిచేశాం. ముందు బరువు నమోదు, తర్వాతే మెసేజి. నంబరు లేకపోతే చీటీ ఇస్తే సరి.

మర్నాడు ఆమె ఇంకో మాట ఎత్తింది. "మొత్తం కోట్లిన్‌లోకి మార్సేద్దాం సార్. బేగి అయిపోద్ది."

ఒప్పుకోలేదు. పనిచేస్తున్న కోడును సీజను ముందు కదపడం నాకు భయం. ఆమె వాదించింది, నేనూ వాదించాను. ఆ వారమంతా టీకి విడివిడిగా వెళ్లాం. చివరికి మేనేజరే తేల్చాడు: ప్రోగ్రాం జావాలో, టెస్టులు కోట్లిన్‌లో. ఇద్దరిలో ఎవరికీ అది పూర్తిగా నచ్చలేదు.

సీజనులో ఫోన్ లేనివాళ్ల పండూ మిగతావాళ్లదిలాగే నమోదైంది. వాళ్లు చీటీ పట్టుకుని ఇంటికి వెళ్లారు.

ఇప్పుడు నేనూ కోట్లిన్‌లో టెస్టులు రాస్తాను. జావా అలవాటు కొద్దీ ప్రతి వరస చివరా సెమికోలన్ పెడతాను. కోట్లిన్‌కు అది అక్కర్లేదు. నా కోడు చూసేటప్పుడు ఆమె వాటన్నిటినీ తీసేస్తుంది.