శౌరీలమ్మ ఓటూ నా ఓటూ

కెనడాలోని ఈ సార్నియాలో నేను వేసిన ఓటు ఏనాడూ నాకు దక్కలేదు. బ్యాలెట్ తప్పుగా మడిచి కాదు. ప్రతి ఎన్నికకీ నా కారులో, నా పక్క సీట్లో కూర్చుని వచ్చి, నా ఓటును కొట్టేసే ఓటు వేసి, మళ్లీ నా కారులోనే ఇంటికి వెళ్లే మనిషి ఒకావిడ ఉంది. పెట్రోలు కూడా నాదే.

ఆవిడ పేరు శౌరీలమ్మ. గుంటూరు పక్క ఫిరంగిపురం. తాతల నాటి నుంచి కతోలికులు. భర్త జోజిరెడ్డి ఇక్కడి కెమికల్ ప్లాంట్లలో పైపులు అతికే వెల్డరు. ఆవిడ ఓ వృద్ధాశ్రమం వంటింట్లో పనిచేసేది. ఆయన గుండెపోటుతో పోయాక కూడా ఇల్లు అమ్మకుండా, బేస్‌మెంట్‌ని ఇక్కడ కాలేజీకొచ్చే మన తెలుగు ఆడపిల్లలకి అద్దెకిచ్చి ఇక్కడే ఉండిపోయింది. ముప్పై ఏళ్లు ఈ ఊళ్లో ఫ్యామిలీ డాక్టరుగా చేసిన నాకు ఆవిడ బీపీ పేషెంటు. నేను క్లినిక్ మూసేసిన వారమే గోంగూర పచ్చడి పట్టుకుని మా ఇంటికొచ్చి, "ఇంక నువ్వు డాక్టరువి కాదుగా, వదినవి" అంది. అంతే, ఆ పూట నుంచి నేను నీరజ వదిన, ఆవిడ శౌరీలు వదిన. మా ఆయన పోయి అప్పటికి రెండేళ్లు. మా ఊరు కాకినాడ వదిలాక నన్ను ఎవరైనా వదినా అని పిలవడం అదే మొదలు. పైకి చిరాకు పడ్డాను గానీ లోపల ఎంత సంతోషించానో నాకే తెలుసు.

కారు లేనిదే సార్నియాలో బతుకు లేదు. ఆవిడకి లైసెన్సు ఉంది. పక్కన జోజిరెడ్డి కూర్చుని చెబితే తప్ప స్టీరింగు పట్టదు, ఆయన లేడు కాబట్టి అసలే పట్టదు. అందుకని ఆదివారం గుడికి దించేదాన్ని, శనివారం కూరగాయలకి తీసుకెళ్లేదాన్ని, ఎన్నికలొస్తే ఓటుకీ నేనే సారథిని.

మా గొడవంతా ఒక్కదాని మీదే. గర్భం ఉంచుకోవాలా వద్దా అన్నది ఆ ఆడదాని నిర్ణయం అని నా పేషెంట్లకి జీవితమంతా చెప్పినదాన్ని నేను. ఇప్పటికీ ఆ మాట మీదే ఉన్నాను. శౌరీలమ్మకి కడుపులో పడ్డ బిడ్డ పడ్డ క్షణం నుంచి మనిషే. ఓటు వేసేముందు ఆవిడ చూసే మొదటి సంగతి అదే. అద్దెలు, ఆసుపత్రులు, జీతాలు అవసరం లేవని కాదు. అవన్నీ గోడలంట, ప్రాణం పునాది అంట. పునాది లేని ఇంటికి గోడలు ఎవడు కడతాడని అడిగేది. కడుపులో బిడ్డకి పునాది వేసి, పుట్టాక గోడలు లేకుండా వదిలేసే నాయకుల్ని చూపించమంటే ఒక డజను మందిని చూపిస్తానని నేను. అలా వాదించుకుంటూ గుడి దాటి రెండు వీధులు వెళ్లిపోయిన ఆదివారాలున్నాయి.

అసలు ఈ దేశంలో గర్భస్రావం తప్పనే చట్టమే లేదు, పెద్ద పార్టీలేవీ దాని జోలికి పోవు, నువ్వు అడుగుతున్నది బజారులో లేని సరుకని నేను వెక్కిరించేదాన్ని. అడిగేవాళ్లు లేకపోతే సరుకు ఎప్పటికీ రాదని ఆవిడ జవాబు. అడిగేది కూడా. ప్రచారానికి ఎవరొచ్చినా గుమ్మంలో నిలబెట్టి, మంచినీళ్లిచ్చి, వచ్చిన ఇంగ్లీషులో కడుపులో బిడ్డ సంగతి ఏమంటావని అడిగేది. ఒక కుర్ర అభ్యర్థి ఆవిడ తెల్లజుట్టు వంక అయోమయంగా చూసి కంగ్రాచులేషన్స్ చెప్పి వెళ్లిపోయాడు. ఆ నవ్వు మాకు నెల్లాళ్లు సరిపోయింది.

గుడ్డిగా వేసే మనిషి మాత్రం కాదు. వాళ్ల గుడి విచారణ గురువు ఫాదర్ బినోయ్, కేరళ ఆయన, ఫలానా వాడికి వేయండని ఏనాడూ చెప్పలేదు. గర్భస్రావానికి మద్దతిస్తాడని ఒకడికి ఓటేస్తే అది పాపం, వేరే బలమైన కారణం ఉండి, ఆ విషయంలో అతనితో ఏకీభవించకుండానే వేస్తే అది మీ అంతరాత్మ తూచుకోవాల్సిన సంగతి, తూకం మాత్రం దొంగ తూకం కాకూడదు అని చెప్పేవాడట. శౌరీలమ్మ నిజంగానే తూచేది. ఓటు ముందు రోజు ఉపవాసం, జపమాల. అభ్యర్థుల్లో ఒక్కడూ ఆవిడకి నచ్చిన మాట చెప్పని ఏడాది, ఎవడు తక్కువ చెరుపు చేస్తాడో చూసి వేసి, తిరిగొచ్చేటప్పుడు దారంతా జపమాల తిప్పుతూనే ఉంది. తీరా చూస్తే ఆసారి కూడా నేను వేసినవాడికి కాదు. చెల్లుకు చెల్లు.

ఈ పట్టుదల చూసి ఆవిడ మనసు రాయి అనుకునేదాన్నేమో, నిఖిల సంగతి జరక్కపోయి ఉంటే. నిఖిల వరంగల్ పిల్ల, ఆవిడ బేస్‌మెంట్‌లో ఉండి చదువుకునేది. గర్భం వచ్చింది. అబ్బాయి ఫోన్ ఎత్తడం మానేశాడు. శౌరీలమ్మ ఆ పిల్లని ఒక్కసారి, ఒకే ఒక్కసారి, బతిమాలింది. బిడ్డను కని నా చేతిలో పెట్టు, నేను పెంచుతా, నువ్వు చదువుకో అంది. ఉత్త మాట కాదు, పై గదిలో పాత ఉయ్యాల తుడిచి పెట్టింది. నిఖిల ఆలోచించుకుని వద్దనుకుంది, నా దగ్గరికి వచ్చింది, నేను లండన్ ఆసుపత్రికి తీసుకెళ్లాను. మన ఒంటారియో లండనే, గంట ప్రయాణం. ఆ పిల్లని తిరిగి తీసుకొచ్చేటప్పుడు ఆ గుమ్మం ఎలా తొక్కాలా అని నాకు భయం. శౌరీలమ్మ తలుపు తీసి, ఆ పిల్లని మంచం మీద పడుకోబెట్టి, వెల్లుల్లి కారం, వేడన్నం, నెయ్యి తెచ్చింది. పిల్ల లేచి తిరిగేదాకా బాలింతకి పెట్టినట్టు పత్యం పెట్టింది. ఒక్క సూటిపోటి మాట లేదు. ఆదివారం కారులో మాత్రం గుడి వచ్చేవరకూ ఏడ్చింది. ఇంత బాధ పెట్టుకుని ఆ సేవ ఎలా చేశావు వదినా అని అడిగాను.

"నా మాట ఇనలేదు, నిజమే. ఇనకపోతే అన్నం పెట్టొద్దని ఏ సువార్తలో ఉంది?" అంది.

ఇక మొన్నటి ఎన్నిక. ఈసారి ఆవిడ ఎదురుచూసిన మనిషి దొరికాడు. గుమ్మంలో నిలబడి, నీళ్లు తాగి, పుట్టని బిడ్డ పక్షాన పార్లమెంటులో లేచి మాట్లాడతానని, పార్టీ కాదన్నా మాట్లాడతానని చెప్పాడు. బేస్‌మెంట్ పిల్లల అద్దెల గురించి కూడా అడిగి అతన్ని అరగంట నిలబెట్టి తూచింది. సాయంత్రమే నాకు ఫోన్ చేసింది. ఇన్నేళ్లకి మొదటిసారి మనస్ఫూర్తిగా వేస్తానంది. పోటీ హోరాహోరీ అని, కొద్ది ఓట్లతో ఎటైనా తేలుతుందని పేపర్లు రాశాయి. నాకు ఆ మనిషి గెలవడం సుతరామూ ఇష్టం లేదు. అదీ చెప్పాను.

పోలింగుకి కొద్దిరోజుల ముందు, ఏప్రిల్ వచ్చినా వదలని మంచు మీద జారి, మా మెట్ల దగ్గర పడ్డాను. తుంటి ఎముక విరిగింది. ఆపరేషన్ చేసి ఇంటికి పంపారు. చక్రాల కుర్చీ, మంచం, అంతే లోకం. పోస్టులో ఓటుకి అప్లై చేసే గడువు ఆసుపత్రిలో ఉండగానే దాటిపోయింది. ఒట్టావా పక్క కనాటా నుంచి మా అమ్మాయి మధుమిత ఫోన్ చేసి, "ఇట్స్ జస్ట్ వన్ వోట్, మా" అని ఓదార్చింది. నాకు ఒళ్లు మండింది. ఒక్క ఓటే, కానీ నాది.

పోలింగు రోజు శౌరీలమ్మని తీసుకెళ్లడానికి వాళ్ల ప్రార్థన కూటమి వ్యాన్ వచ్చింది. ఆ కూటమి పెద్ద ఇన్నారెడ్డి మంచివాడే, నోరు మాత్రం ఆగదు. ఆవిడ ఒక కాలు వ్యాన్‌లో పెట్టిందో లేదో, దేవుడు మన పక్షానే ఉన్నాడు అక్కా, ఈసారి మీ ఓటుకి అడ్డు లేకుండా డాక్టరమ్మని మంచాన పడేశాడు అని నవ్వాడట. వ్యాన్‌లో అందరూ నవ్వారట. శౌరీలమ్మ పెట్టిన కాలు వెనక్కి తీసుకుని, మీరు వెళ్లండి, నేను వేరే వస్తానంది.

మధ్యాహ్నం మా ఇంటి తలుపు తోసుకుని వచ్చి కారు తాళాలు ఇమ్మంది. ఎక్కడికి అన్నాను. ఓటుకి, ఇద్దరం, అంది. డ్రైవింగ్ ఎవరని అడిగితే జవాబు చెప్పకుండా జపమాల తీసి కారు అద్దానికి తగిలించడానికి బయటికి వెళ్లింది. నాకు నవ్వాలో భయపడాలో తెలియలేదు.

నన్ను సీట్లోకి ఎక్కించడమే ఒక యజ్ఞం. వృద్ధాశ్రమంలో ముసలివాళ్లని ఎత్తి కూర్చోబెట్టడం రోజూ చూసిన మనిషి కాబట్టి నొప్పి తెలియకుండా ఎక్కించింది. కుర్చీ మడిచి వెనకాల పడేసింది. ఇక బండి కదిలాక చూడాలి. వెనక నుంచి హారన్లు, పక్క నుంచి చూపులు, ఆవిడ పెదాల మీద మరియమ్మకి చేసే మంగళవార్త జపం. జోజిరెడ్డి చెప్పినట్టు నేను పక్కన కూర్చుని, బ్రేకు, ఇప్పుడు ఎడమ, అద్దం చూడు అని చెబుతూ వచ్చాను. ఒక స్టాప్ సైన్ దగ్గర నాలుగు వైపుల వాళ్లూ వెళ్లిపోయేదాకా ఆగింది. నవ్వితే తుంటి నొప్పి, నవ్వకుండా ఉండలేను.

పోలింగు జరిగే స్కూలు జిమ్ ముందు బండి ఆపి, తాళాలు తీసి ఒళ్లో పెట్టుకుంది. అప్పుడు అడిగాను, ఎందుకు తెచ్చావు వదినా నన్ను, నేనెవరికి వేస్తానో తెలుసు కదా, మీవాడు ఓడిపోతే?

"మంచానపడ్డ మనిషిని చూసి సంతోషించి గెలిస్తే, ఆ గెలుపు బిడ్డల పక్షం ఎట్టా అవుద్ది వదినా? నేను ప్రాణం పక్షం అని చెప్పుకుంటన్నా. నీది ప్రాణం కాదా?" అంది. "ఇంకోటి. నా మీద జాలితో మావాడికి వేసేవు, జాగర్త. దొంగ తూకం నాకొద్దు" అంది.

నిజం చెబుతున్నాను, ఆ ఆలోచన నాకు వచ్చింది. ఓటేసే బల్ల మీద నిలబెట్టిన అట్ట చాటున పెన్సిల్ పట్టుకుని చాలాసేపు కూర్చున్నాను. స్టీరింగే పట్టని ఆవిడ నన్ను ఇంత దూరం తెచ్చింది నా ఓటు నేను వేయడానికి. చివరికి ఎప్పుడూ వేసేవాళ్లకే వేశాను. పక్క అట్ట చాటున ఆవిడ వేసేది వేసింది. జిమ్ గుమ్మం దగ్గర ఇన్నారెడ్డి మమ్మల్నిద్దర్నీ చూసి తలుపు పట్టుకుని దారిచ్చాడు.

ఆవిడ అభ్యర్థి ఓడిపోయాడు. చాలా కొద్ది ఓట్ల తేడాతో. మర్నాడు ఫలితం విన్నప్పుడు, గెలిచింది నా పక్షమే అయినా, నాకు కాఫీ దిగలేదు. ఈ ఊళ్లో తన పక్షాన ఆవిడంత నిజాయితీగా నిలబడ్డ మనిషిని నేను చూడలేదు, నా పక్షంలోనూ చూడలేదు. ఫోన్ రెండుసార్లు తీసి మళ్లీ పెట్టేశాను. మధ్యాహ్నం, ముందురోజు నన్ను దించి తీసుకెళ్లిన నా కారులోనే, ఇంకా నత్తనడకనే, ఆవిడే వచ్చింది. కళ్లు ఉబ్బి ఉన్నాయి. ఏడ్చావా అంటే ఏడ్చానంది. నన్ను తేకుండా ఉండాల్సిందని అనిపించిందా అంటే తల అడ్డంగా ఊపింది.

వెనకాల గుమ్మంలో ఒక పిల్ల నిలబడి ఉంది. బేస్‌మెంట్‌లో కొత్తగా దిగిన సుధామయి, ఖమ్మం పిల్ల, ఒషావా నుంచి ఇక్కడికి మారింది. లోపలికి రావడానికి జంకుతోంది. శౌరీలమ్మ ఆ పిల్ల చెయ్యి పట్టి లోపలికి తెచ్చి నా మంచం పక్కన కుర్చీలో కూర్చోబెట్టింది.

"నాలుగో నెల. కంటానంటంది. కాలేజీ ఇన్సూరెన్సు సరిపోదంట. స్కానింగ్ ఎక్కడ తీయించాలో, ఏ డాక్టరు దగ్గరికి పోవాలో చెప్పు వదినా" అంది. "బండి నేను తోలతా."

నేను కళ్లద్దాలు పెట్టుకుని ఫోన్ అందుకున్నాను.